స్టూల్ అకల్ట్ బ్లడ్: పాత గ్వాయాక్ పరీక్షను ల్యాబ్‌లో ఆపేయడం ఎలా

మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టడానికి గ్వాయాక్ అనే చెట్టు జిగురు పట్టించిన కాగితపు కార్డు వాడే ల్యాబులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. బెంజిడిన్ అనే రసాయనం వాడే, అంతకంటే పాతదైన పద్ధతి నడిచే చోట్లు కూడా లేకపోలేదు. పెద్దపేగు క్యాన్సర్, పాలిప్‌ల (పేగు లోపలి గోడ మీద పెరిగే కండల) వేటలో ఈ పరీక్ష చేసే పనిని ఫిట్ (ఎఫ్‌ఐటీ) అనే ఇమ్యునోకెమికల్ పరీక్ష, అంటే యాంటీబాడీలతో రక్తాన్ని పట్టే పరీక్ష, ఎంతో మెరుగ్గా చేస్తుంది. జపాన్ 1992లోనే దేశవ్యాప్త స్క్రీనింగ్‌ను దానితో మొదలుపెట్టింది. స్కాట్లండ్ 2017 నవంబరులో, ఇంగ్లండ్ 2019 జూన్‌లో స్క్రీనింగ్‌ను గ్వాయాక్ నుంచి ఫిట్‌కు మార్చాయి.

ఆపాలని నిర్ణయించుకోవడం తేలికే, ఆపడమే కష్టం. పరీక్ష ల్యాబ్ బెంచీ మీద ఒక్కచోటే ఉండదు. రిక్వెస్ట్ ఫారంలో, హెల్త్ చెకప్ ప్యాకేజీలో, స్టూల్ రొటీన్ రిపోర్టు నమూనాలో, వార్డు డ్రాయరులో, డాక్టరు చేతి అలవాటులో ఉంటుంది. వీటిలో ఏ ఒక్కచోట మిగిలినా ఆరు నెలల్లో తిరిగొస్తుంది. అందుకే ఈ పనిని ల్యాబ్ ఇన్‌చార్జి ఒక్కరే చేయలేరు. గ్యాస్ట్రో డాక్టరు ఒకరు, నర్సింగ్ నుంచి ఒకరు, కంప్యూటర్ విభాగం నుంచి ఒకరు మొదటి రోజు నుంచే తోడుండాలి.

ఎందుకు ఆపుతున్నామో ముందు మనకు తెలియాలి

గ్వాయాక్ కార్డు రక్తాన్ని గుర్తుపట్టదు. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌కు పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లాంటి గుణం ఉంటుంది. డెవలపర్ చుక్కలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో ఆ హీమ్ కాగితంలోని గ్వాయాక్‌ను ఆక్సీకరణ చేస్తే నీలం రంగు వస్తుంది. చుక్క వేశాక 60 సెకన్లలో చదవాలి. ఆ నీలం నిలవదు, కాసేపటికి వెలిసిపోతుంది. టెక్నీషియన్ నాలుగు కార్డులకు వరసగా చుక్కలు వేసి ఫోనెత్తితే మొదటి కార్డు పాజిటివో నెగెటివో ఎవరూ చెప్పలేరు. లేత నీలాన్ని ఒకరు పాజిటివ్ అంటే పక్కనున్నవారు కాదంటారు. రాసి పెట్టుకోవడానికి అంకె ఏదీ ఉండదు.

హీమ్ ఎవరి రక్తంలోదైనా హీమే. రాత్రి తిన్న మటన్, కార్జం, మనవాళ్లు ఇష్టంగా వండుకునే నల్ల (మేక రక్తం కూర), అన్నీ పాజిటివ్ చూపించగలవు. ఉడికించినంత మాత్రాన హీమ్ గుణం పోదు. పచ్చి ముల్లంగిలోని మొక్కల పెరాక్సిడేజ్ కూడా ఇదే పని చేస్తుంది. విటమిన్ సి దీనికి సరిగ్గా ఎదురు. రోజుకు 250 మిల్లీగ్రాములు దాటితే రంగు రాకుండా అడ్డుకుని, ఉన్న రక్తాన్ని లేనట్టు చూపిస్తుంది. జామపండు 100 గ్రాముల్లో 200 మిల్లీగ్రాముల పైచిలుకు విటమిన్ సి ఉంటుంది. అందుకే ఈ పరీక్షకు మూడు రోజుల పథ్యం, నొప్పి మాత్రలకు వారం రోజుల విరామం, మూడు వేర్వేరు విరేచనాల నుంచి రెండేసి శాంపిళ్లు అని నియమం పెట్టారు. ఆచరణలో ఒక్క శాంపిల్, అదీ పథ్యం లేకుండా వస్తుంది.

వార్డులో వేలితో పరీక్ష చేసి గ్లవ్‌కు అంటినదాన్ని కార్డు మీద పూయడం ఇంకా దారుణం. అమెరికా వెటరన్స్ ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ముదిరిన పాలిప్‌లు, క్యాన్సర్లు ఉన్నవారిలో అలా తీసిన ఒక్క శాంపిల్ పట్టింది నూటికి ఐదుగురిని కూడా కాదు. ఇంట్లో తీసిన ఆరు శాంపిళ్ల పద్ధతి పట్టింది దాదాపు 24 మందిని. డాక్టర్లతో మాట్లాడేటప్పుడు ఈ రెండు అంకెలు చాలు, వాదన అక్కర్లేదు. ఫిట్ మనిషి గ్లోబిన్‌ను (హీమోగ్లోబిన్‌లోని ప్రోటీన్ భాగాన్ని) యాంటీబాడీతో పట్టుకుంటుంది కాబట్టి మటన్‌తో, ముల్లంగితో దానికి పనిలేదు. చాలా అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన 2014 మెటా అనాలిసిస్ ప్రకారం క్యాన్సర్‌ను పట్టడంలో దాని సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవారిని పాజిటివ్‌గా పట్టడం) 79 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారిని నెగెటివ్‌గా చూపడం) 94 శాతం.

ఇలా అన్నంత మాత్రాన పాత పరీక్షను తీసిపారేయకూడదు. 1993లో మిన్నెసోటా, 1996లో నాటింగ్‌హామ్, డెన్మార్క్ ట్రయల్స్ దీనితోనే పెద్దపేగు క్యాన్సర్ మరణాలను తగ్గించి చూపాయి. అయితే అక్కడ జరిగింది పద్ధతిగా, ఏటా లేదా రెండేళ్లకోసారి, ఆరు శాంపిళ్లతో చేసిన స్క్రీనింగ్. మన వార్డుల్లో ఒక్క చుక్కతో జరిగేది అది కాదు. ఇక బెంజిడిన్ మనుషుల్లో మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని రుజువైన రసాయనం. అది మీ ల్యాబ్‌లో ఉంటే ఈ ప్రక్రియ పూర్తయ్యేదాకా ఆగొద్దు, ఈరోజే వాడకం ఆపండి.

ఏడాది లెక్క తీయండి

ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నుంచి గత 12 నెలల అకల్ట్ బ్లడ్ ఆర్డర్లన్నీ తీయించండి. తేదీ, వయసు, ఏ విభాగం, ఏ డాక్టరు, ఫలితం, విడిగా అడిగారా ప్యాకేజీలో వచ్చిందా అన్నది కావాలి. తర్వాత పాజిటివ్ వచ్చినవారిలో 50 మంది ఫైళ్లు, నెగెటివ్ వచ్చినవారిలో మరో 50 ఫైళ్లు తీసి, ఆ ఫలితం చూసి డాక్టరు ఏం చేశారో రాయండి. పాజిటివ్ వచ్చినా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) జరగనివారు, రక్తహీనత ఉండి నెగెటివ్ చూసి ఇంటికి పంపినవారు ఎందరో అప్పుడు బయటపడుతుంది. ఆ ఒక్క కాగితం యాజమాన్యాన్ని ఒప్పించడానికి ఏ గైడ్‌లైన్ కన్నా బాగా పనికొస్తుంది.

ఎవరు ఎందుకు అడుగుతున్నారు, వారికి ఏమివ్వాలి

ఇదే అసలైన పని. గ్వాయాక్ తీసేసి ఆ గడిలో ఫిట్ అని రాస్తే సరిపోదు. పాత పరీక్షను నాలుగైదు వేర్వేరు పనులకు అడుగుతుంటారు, ఫిట్ వాటిలో రెంటికే జవాబు.

లక్షణాలు లేని మధ్యవయసువారికి స్క్రీనింగ్ కావాలంటే ఫిట్ ఇవ్వొచ్చు. మన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ ఉంది, పేగుకు లేదు. కాబట్టి ఇది డాక్టరు, పేషెంటు మాట్లాడుకుని తీసుకునే నిర్ణయం. మలవిసర్జన అలవాటు మారడం, కడుపునొప్పి, బరువు తగ్గడం లాంటి లక్షణాలతో వచ్చినవారిలో కొలనోస్కోపీకి ఎవరిని ముందు పంపాలో తేల్చడానికి అంకె వచ్చే ఫిట్ పనికొస్తుంది. బ్రిటన్‌లో దీనికి వాడే హద్దు, అంటే పాజిటివ్ అనడానికి కనీస విలువ, గ్రాము మలానికి 10 మైక్రోగ్రాముల హీమోగ్లోబిన్.

ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉన్న పెద్దవారిలో ఏ అకల్ట్ బ్లడ్ పరీక్షా నెగెటివ్ వచ్చిందని ఊరుకోకూడదు. రక్తం కారడం రోజూ ఒకేలా ఉండదు. కారణం పొట్టలోనో చిన్నపేగులోనో ఉంటే ఫిట్‌కు చిక్కదు, గ్లోబిన్ దారిలోనే జీర్ణమైపోతుంది. కొంకిపురుగు రక్తస్రావం కూడా చిన్నపేగులోదే. పొలాల్లో చెప్పుల్లేకుండా నడిచేవారికి స్టూల్‌లో గుడ్లు చూడటమే సరైన పరీక్ష. నల్లటి తారులాంటి విరేచనం అయిన మనిషికి అకల్ట్ పరీక్షతో పనేలేదు, అతనికి ఎండోస్కోపీ కావాలి. ముక్కు గొట్టంలోంచి తీసిన పొట్ట ద్రవం మీద స్టూల్ కార్డు వాడటం మొదటినుంచీ తప్పే. ఆసిడ్ వల్ల రంగు సరిగా రాదు.

పసిపిల్లల వార్డును మరిచిపోవద్దు. పాల ఎలర్జీ అనుమానంతోనో, నెలలు నిండని బిడ్డ పేగు వాపు అనుమానంతోనో అక్కడ ఈ కార్డు అడుగుతుంటారు. మీరు కొనబోయే ఫిట్ కిట్ ఇన్‌సర్ట్‌లో ఏ వయసు రాసి ఉందో చూసి, పిల్లల డాక్టర్లతో విడిగా కూర్చుని తేల్చుకోండి. మాట్లాడకుండా ఆపేస్తే వాళ్లు బయటి నుంచి కార్డులు తెప్పించుకుంటారు.

వాడకం ఎక్కడుందో తెలుసుకోకుండా సలహాలిస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశారు. 2015లో అక్కడ వైద్య గైడ్‌లైన్లు ఇచ్చే నైస్ సంస్థ అనుమానిత క్యాన్సర్ గైడ్‌లైన్‌లో కొన్ని లక్షణాలకు మలంలో అకల్ట్ బ్లడ్ పరీక్ష చేయమంది. అప్పటికే అక్కడ కొన్ని ల్యాబులు గ్వాయాక్ పరీక్షను ఆపేసి ఉన్నాయి. 2017 జులైలో ఆ సలహా స్థానంలో ఫిట్ వచ్చేదాకా ఆ చిక్కు వీడలేదు.

కిట్ ఎంపిక, దాన్ని తేల్చుకోవడం

రోజుకు పది శాంపిళ్లు దాటే ల్యాబ్ అయితే అంకె ఇచ్చే ఎనలైజర్ యంత్రం వైపే వెళ్లండి. చిన్న ల్యాబ్‌కు గీత చూసి చదివే క్యాసెట్ కిట్ సరిపోతుంది, కానీ దాని హద్దు ఎంతో తెలుసుకుని తీరాలి. కిట్ పెట్టెల మీద హద్దు సాధారణంగా బఫర్‌లో (మలాన్ని కలిపే ట్యూబులోని ద్రవంలో) మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది. రెండు కిట్ల మీదా 50 అని ఉన్నా రెండూ ఒకటి కావు. ఆ అంకెను ట్యూబులోని బఫర్ మిల్లీలీటర్లతో గుణించి, పుల్ల తీసుకునే మలం మిల్లీగ్రాములతో భాగిస్తే గ్రాముకు మైక్రోగ్రాములు వస్తాయి. 2 మిల్లీలీటర్ల బఫర్, 10 మిల్లీగ్రాముల మలం అయితే 50 అంటే 10. అదే 1 మిల్లీలీటరు, 20 మిల్లీగ్రాములు అయితే 50 అంటే రెండున్నర మాత్రమే, పాజిటివ్‌లు కుప్పలుగా వస్తాయి. ఈ రెండు కొలతలు చెప్పలేని డీలరు దగ్గర కొనొద్దు.

కొత్త పద్ధతిని పాత కార్డుతో పోల్చి ఎన్ని కలిశాయని చూడటం చాలామంది చేసే పొరపాటు. రెండూ వేర్వేరు పదార్థాలను చూస్తాయి, కలవకపోతే ఫిట్ తప్పని కాదు. తెలిసిన హీమోగ్లోబిన్‌తోనే సరిచూడాలి. హీమోగ్లోబిన్ డెసీలీటరుకు 14 గ్రాములున్న, గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన రక్తం తీసుకోండి. 10 మైక్రోలీటర్లు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి మొత్తం 10 మిల్లీలీటర్లు చేస్తే కణాలు పగిలి, మిల్లీలీటరుకు 140 మైక్రోగ్రాముల ద్రావణం వస్తుంది. దాని 100 మైక్రోలీటర్లు 9.9 మిల్లీలీటర్ల కిట్ బఫర్‌లో కలిపితే 1400 నానోగ్రాములు. అందులో 1 మిల్లీలీటరుకు 13 మిల్లీలీటర్ల బఫర్ కలిపితే సరిగ్గా 100. ఆ రోజే వాడేయాలి. ఎనలైజర్ అయితే రెండు స్థాయిల్లో, రోజుకు ఐదుసార్ల చొప్పున ఐదు రోజులు నడిపి నిలకడ చూడండి. క్యాసెట్ అయితే హద్దుకు 20 శాతం కింద, 20 శాతం పైన తయారుచేసి ఒక్కోటి 20 సార్లు వేయండి. గీత చదివేవారు కనీసం ఇద్దరుండాలి, ఒకరి ఫలితం మరొకరికి తెలియకూడదు.

క్యాసెట్‌లో ఇంకో ప్రమాదం ఉంది. రక్తం మరీ ఎక్కువైతే యాంటీబాడీలన్నీ నిండిపోయి గీత రాకపోవచ్చు. ఎర్రగా కనిపిస్తున్న శాంపిల్ నెగెటివ్ వచ్చిందంటే కారణం ఇదే కావచ్చు. బఫర్‌తో 100 రెట్లు పలచన చేసి మళ్లీ వేయాలి. అసలు కంటికి కనపడే రక్తం ఉంటే ఆ మాట ల్యాబ్ వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలి.

మన ఎండల సంగతి విడిగా చూడాలి. బఫర్‌లోకి చేరని మలంలో గ్లోబిన్ త్వరగా పాడవుతుంది, మే నెలలో ఇంకా త్వరగా. పరీక్షించడం ఇలా: నెగెటివ్ అని తేలిన 10 గ్రాముల మలంలో పైన చెప్పిన 140 మైక్రోగ్రాముల ద్రావణం 1.4 మిల్లీలీటర్లు బాగా కలిపితే గ్రాముకు సుమారు 17 మైక్రోగ్రాములవుతుంది. దాన్ని కొన్ని కిట్ ట్యూబుల్లోకి తీసుకోండి, మిగిలింది మామూలు డబ్బాలో ఉంచండి. సగం ఫ్రిజ్‌లో, సగం 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో పెట్టి వెంటనే, 24 గంటలకు, 72 గంటలకు, ఏడో రోజున కొలవండి. విలువ 20 శాతం మించి పడిపోకుండా నిలిచిన చివరి కొలత సమయమే మీ కలెక్షన్ సెంటర్ల గడువు. కంపెనీ కాగితంలో ఎంత రాసినా సరే.

శాంపిల్ తీయడం పేషెంటుకు నేర్పాలి

మామూలు స్టూల్ డబ్బా ఇవ్వడం మానేసి, పుల్ల ఉన్న బఫర్ ట్యూబునే ఇంటికివ్వండి. పుల్ల చివర గాడులు ఉంటాయి, వాటిలో నిండినంత మలమే ట్యూబుకు కావలసింది. నాలుగైదు చోట్ల పైపైన గీకి పుల్లను లోపలికి నెట్టేస్తే మూతిలోని ఇరుకైన వలయం అదనపు మలాన్ని గీసేస్తుంది. ముద్దగా తీసి కుక్కితే విలువ అబద్ధంగా పెరుగుతుంది, ఎనలైజర్ సూది మూసుకుపోతుంది. బఫర్ ఒలికిపోయినా శాంపిల్ పనికిరాదు. రోగులు తరచుగా దాన్ని నీళ్లనుకుని పారబోస్తారు, కాబట్టి లేబుల్ మీదే పెద్ద అక్షరాలతో రాయండి: లోపలి నీళ్లు పారబోయకండి.

నేలమరుగుదొడ్డిలో మలం నీళ్లలో పడకముందే పట్టుకోవాలి. పాత పేపరో ప్లాస్టిక్ కవరో పరిస్తే చాలు. ఆసిడ్, ఫినాయిల్ తగలకూడదు. బహిష్టు రోజుల్లో, మొలల నుంచి రక్తం కారుతున్నప్పుడు తీయకూడదు. పథ్యం ఏమీ లేదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు వాటిని ఈ పరీక్ష కోసం ఆపక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పాత పరీక్ష నోటీసు చదివి ఆస్పిరిన్ ఆపేసుకునే గుండె జబ్బు రోగులుంటారు.

కంప్యూటర్‌లో, కాగితాల్లో

పాత టెస్ట్ కోడ్‌నే కొత్త పరీక్షకు వాడొద్దు. అలా చేస్తే గత ఏడాది గ్వాయాక్ నెగెటివ్, ఈ ఏడాది ఫిట్ నెగెటివ్ ఒకే వరసలో కనపడి డాక్టరును తప్పుదారి పట్టిస్తాయి. పాత కోడ్ ఆర్డరు చేయకుండా మూసేయండి, కానీ పాత ఫలితాలు కనపడేలా ఉంచండి. కొత్త కోడ్‌కు కొత్త పేరు, యూనిట్, హద్దు, కింద రెండు వాక్యాల వ్యాఖ్య పెట్టండి: లక్షణాలు కొనసాగుతుంటే నెగెటివ్ ఫలితం క్యాన్సర్ లేదని చెప్పదు; పాజిటివ్ వస్తే పరీక్షను మళ్లీ చేయకుండా కొలనోస్కోపీకి పంపాలి.

స్టూల్ రొటీన్ రిపోర్టును ప్రత్యేకంగా వెతకండి. చాలా నమూనాల్లో రంగు, మ్యూకస్, సిస్టుల కింద అకల్ట్ బ్లడ్ అనే వరస ఉండిపోతుంది. అందులో డిఫాల్ట్‌గా నెగెటివ్ అని నిండి ఉంటే, కార్డు లేని ల్యాబ్ నుంచి నెగెటివ్ రిపోర్టులు వెళ్తూనే ఉంటాయి. ఈ ప్రక్రియలో జరగగల అతి పెద్ద తప్పు ఇదే. ప్రతి నమూనాలో ఆ వరసను పూర్తిగా తీసేయించి, డమ్మీ పేషెంటుతో ప్రింటు తీసి కళ్లతో చూడండి. తర్వాత హెల్త్ చెకప్ ప్యాకేజీలు, ధరల పట్టిక, బయటి కలెక్షన్ సెంటర్ల ఫారాలు, వెబ్‌సైటు, వార్డుల్లో అచ్చేసిన అడ్మిషన్ ఆర్డర్లు. పాత ఫారాల కట్టలు స్టోరు నుంచి తెప్పించి నాశనం చేయండి.

నోటీసు, చివరి రోజు

నోటీసు 30 రోజుల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, ఆ రోజు ఒకసారి పంపాలి. పొడుగు వద్దు. ఈ మాదిరి చాలు:

‘వచ్చే నెల ఒకటో తేదీ ఉదయం 8 గంటల నుంచి గ్వాయాక్ పద్ధతిలో స్టూల్ అకల్ట్ బ్లడ్ పరీక్ష ల్యాబ్‌లో, వార్డుల్లో జరగదు. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగుకు, పేగు లక్షణాలకు ఫిట్ అడగండి, ట్యూబు ల్యాబ్ కౌంటరులో ఇస్తారు. పొట్ట, చిన్నపేగు రక్తస్రావానికి ఫిట్ పనికిరాదు. రక్తహీనతకు కారణం వెతికేటప్పుడు గ్యాస్ట్రో విభాగాన్ని సంప్రదించండి. పాత ఫలితాలను కొత్త ఫలితాలతో పోల్చకండి. సందేహాలకు ల్యాబ్ డ్యూటీ డాక్టరుతో మాట్లాడండి.’

తేదీకి ముందు ఇంటికి తీసుకెళ్లిన కార్డులను అదనంగా వారం దాకా తీసుకోండి, ఆ తర్వాత వచ్చినవాటికి పేషెంటుకు ఫోన్ చేసి ఉచితంగా ఫిట్ ట్యూబు ఇవ్వండి. శాంపిల్‌ను చడీచప్పుడు లేకుండా పారేయకూడదు. చివరి రోజు సాయంత్రం ఒకరు ప్రతి వార్డు, ఐసీయూ, క్యాజువాలిటీ, ఓపీ గదుల డ్రాయర్లు తెరిచి కార్డులు, డెవలపర్ సీసాలు లెక్కతో వెనక్కి తేవాలి. డెవలపర్‌లో పెరాక్సైడుతో పాటు ఆల్కహాల్ ఉంటుంది, మంట దగ్గర పెట్టొద్దు. సింక్‌లో పోయొద్దు. బెంజిడిన్ మిగిలి ఉంటే సీసా తెరవకుండా, మూతకు సీలు వేసి, పేరు రాసి రసాయన వ్యర్థంగా వేరుగా అప్పగించాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల కింద మీ ప్రాంతపు ట్రీట్‌మెంట్ కేంద్రానికి ముందే ఫోన్ చేసి, ఎలా తీసుకెళ్తారో రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ అయితే స్కోపులోంచి, అంటే గుర్తింపు పొందిన పరీక్షల జాబితాలోంచి, పాత పరీక్షను తీయించాలి, ఫిట్‌ను చేర్పించేదాకా ఆ రిపోర్టు మీద గుర్తింపు చిహ్నం వేయకూడదు. ఫలితం అర్థం మారే మార్పు చేసినప్పుడు వాడేవారికి వివరించాలని మెడికల్ ల్యాబుల నాణ్యతా ప్రమాణం ఐఎస్‌ఓ 15189 అడుగుతుంది. కాబట్టి నోటీసు ఎవరికి ఏ తేదీన అందిందో సంతకాలతో దాచండి. పాత ఎస్‌ఓపీ (పరీక్ష చేసే విధానం రాసిన పత్రం) మీద రద్దు ముద్ర వేసి ఒక్క కాపీ ఫైల్లో ఉంచి, బెంచీ మీది కాపీలు తీసేయండి. బయటి నాణ్యత పరీక్ష పథకంలో కూడా పాత దానికి బదులు కొత్తదానికి పేరు నమోదు చేయించాలి.

తర్వాతి మూడు నెలలు

ప్రతి వారం నాలుగు అంకెలు చూడండి: ఎన్ని ఫిట్‌లు వచ్చాయి, ఎన్ని శాంపిళ్లు తిప్పి పంపారు, పాజిటివ్ శాతం ఎంత, పాజిటివ్‌లలో ఎందరికి కొలనోస్కోపీ తేదీ దొరికింది. తిప్పి పంపినవి ఎక్కువైతే లోపం కౌంటరులో వివరించేవారిది, పేషెంటుది కాదు. ఎండాకాలంలో పాజిటివ్ శాతం ఒక్కసారిగా పడిపోతే రవాణా పెట్టెలో ఉష్ణోగ్రత రికార్డరు పెట్టి చూడండి. ఒక విభాగం నుంచి ఆర్డర్లు పూర్తిగా ఆగిపోతే వాళ్లు మానేశారని అనుకోవద్దు, పక్క ల్యాబ్‌కు పంపుతున్నారేమో వెళ్లి అడగండి. కొలనోస్కోపీ వరస పెరిగి నెలలకు వెళ్తుంటే స్క్రీనింగ్ హద్దు ఎంత పెట్టాలో గ్యాస్ట్రో విభాగంతో మళ్లీ మాట్లాడాలి. స్కాట్లండ్ స్క్రీనింగుకు 80, ఇంగ్లండ్ 120 మైక్రోగ్రాములతో మొదలుపెట్టింది ఎండోస్కోపీ చేయగల శక్తిని లెక్కలోకి తీసుకునే. లక్షణాలున్నవారి హద్దును మాత్రం ఆ కారణంతో కదపకండి.